బుల్వె కనపడే చోటు

కాలు చూసి పెట్టండి. అంచు పట్టుకోకండి,
నిన్ననే తారు పూశాను.
సంచీ ఒళ్ళో పెట్టుకుని నడుమ కూచోండి.
మబాంబా చిత్తడి లోతెంతని అడగొద్దు,
అది నా గెడకి తెలుసు,
గెడ ఎవరికీ చెప్పదు.

ఇంకా ఏడు కాలేదు.
తుంగ తలల మీద పొగమంచు దువ్వని జుట్టులా ఉంది.
అదిగో జకానా, కలువాకుల మీద
అప్పులాళ్ళ వీధిలో నడిచినట్టు నడుస్తోంది.
ఆ ఊగే కాడ చివర వేలెడంత లకుముకి.
రాసుకోండి.

మీకు కావలసింది ఇవేవీ కాదని తెలుసు.
మీ పుస్తకంలో ఆ ఒక్క గడీ ఖాళీ.
ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నారట,
మోకాలు కోయించుకున్నాక కూడా.
రాత్రి మా నబ్బోసా నవ్వింది:
"ఆ ముసలాయన పక్షిని చూడ్డానికి
పెళ్ళిచూపులకొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా తెచ్చుకున్నాడు నాన్నా!"

మా నాన్న సెన్యొండో ఈ నీటిలోనే ఊపిరి చేపలు పట్టేవాడు.
చెలమ ఎండితే బురదలో ముడుచుకుని
గాలి తాగి బతికే చేప అది.
దారిలో బుల్వె కనపడిందా,
పడవ అక్కడికక్కడే వెనక్కి.
ఆ రోజంతా వల పొడిగా, నోరు మాత్రం తిట్లతో తడిగా.
దాని చూపు సోకితే చేప అడుక్కి దిగిపోతుందనేవాడు.
అసలు సంగతి, అదీ ఆయనా
ఒకే చేపకి కాపు కాసేవాళ్ళు,
గట్టు తగాదా ఉన్న దాయాదుల్లా.
రాళ్ళు రువ్వేవాళ్ళు. గూళ్ళు తన్నేసేవాళ్ళు.
అమ్మ ఆ చేప వండేది, తినేది కాదు.
ఆడవాళ్ళు ముట్టరాదని అప్పటి మాట.
ఉప్పు సరిపోయిందో లేదో
నాన్న మొహం చూసి తెలుసుకునేది.

తల వంచండి, తీగ.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి.
బడి నుంచి చీటీ వచ్చింది, ఎర్ర సిరాతో నా పేరు.
అంతకు వారం ముందే బురదంటని బూట్లతో
కంపాలా మనిషొకడు రేవులో నిలబడి
"పిల్ల దొరికితే కబురు పెట్టండి" అని వెళ్ళాడు.
"గూట్లో రెండున్నాయి.
పెద్దది ఎలాగూ చిన్నదాన్ని పొడిచి చంపేస్తుంది,
చిన్నదాన్నే తెచ్చాను" అన్నాడు నాన్న.
నిజమే అయ్యుండొచ్చు.
మొక్కజొన్న పిండి సంచిలో, మా పొయ్యి పక్కన,
రాత్రంతా అది ఎక్కిళ్ళు పెట్టింది.
అమ్మ లేచి సంచి మూతి కాస్త వదులు చేసింది.
తెల్లారేసరికి మోటారుసైకిలెక్కి
ఎంటెబ్బె వైపు వెళ్ళిపోయింది.
ఏడాది ఫీజు కట్టేశాం.
కొత్త నిక్కరు కూడా వచ్చింది.

మీ భాష నాకలా వచ్చింది.
ఏ పక్షి పేరు మీకు చెప్పినా
ఆ సంచిలో చెయ్యి పెట్టి తీసిస్తున్నట్టుంటుంది.

ఇదంతా మీతో అనను లెండి.
గెడ పోటుకొక మాట లోపల్లోపల నడుస్తుంది.
పైకి మాత్రం,
"ఎడమ పక్క సార్, నీటికోడి."

ఆగండి.
కదలకండి.

తుంగ సందున ఆ బూడిదరంగు.
రాయనుకున్నారు కదా, ఇక్కడ రాళ్ళెక్కడివి?
చెక్క చెప్పులాంటి ముక్కు రొమ్ముకి ఆనించుకుని
నీళ్ళనే చూస్తోంది,
మా నాన్నలా తల ఓ పక్కకి వాల్చి.

గంటయింది. దోమలు. మీ మోకాలు వణుకుతోంది.
అది మనల్ని పట్టించుకోదు.

ఉన్నట్టుండి గోడ కూలినట్టు
ఒళ్ళంతా నీళ్ళ మీద పడేసింది.
లేచేసరికి ముక్కునిండా గడ్డి,
గడ్డిలో మెలికలు తిరుగుతూ చేప.
తీరుబడిగా గడ్డి వదిలేసింది,
చేపని వదల్లేదు.

మీరు పుస్తకం తెరవలేదు.
కళ్ళద్దాలు తీసి
ఇస్త్రీ చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నారు.
చాలాసేపటికి అడిగారు,
"ఇవి ఇక్కడ ఎన్నున్నాయి?"

పన్నెండు, అన్నాను.

ఎన్నున్నా
ఒకటి కలిపే చెబుతాను నేను.